ఆకాశం నుండి సనయ్య: ఖతార్ ఇండస్ట్రియల్ ఏరియాలో నేల మార్పును చదివే విధానం

ఖతార్ రాజధాని దోహాకు నైరుతి దిక్కున, సల్వా రహదారికి దక్షిణాన ఉన్న విశాలమైన కార్ఖానాల ప్రాంతాన్ని ఇండస్ట్రియల్ ఏరియా అంటారు. అరబ్బీలో దాని పేరు అస్‌సనాయియా. అక్కడ పనిచేసే తెలుగువారి నోట అది ‘సనయ్య’గా మారింది. పరిపాలన రీత్యా అది అల్ రయ్యాన్ మున్సిపాలిటీకి చెందిన 57వ జోన్. అక్కడి వీధులను అంకెలతో పిలుస్తారు. మరమ్మతు షెడ్లు, గోదాములు, కాంక్రీటు మిశ్రమ కేంద్రాలు, వాటి నడుమ కార్మికుల వసతి గృహాలు: ఇదీ సనయ్య స్వరూపం. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ ప్రాంతాల నుండి, కడప, గోదావరి జిల్లాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్ళిన తెలుగువారిలో అనేకులకు ఈ చోటు పరిచితమే.

ఈ ప్రాంతం ఎడారి నేల మీద ఎలా ఏర్పడిందో, ఎలా పెరిగిందో ఉపగ్రహ చిత్రాల ద్వారా, డిజిటల్ పటాల ద్వారా తెలుసుకునే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ విధానానికి గల పరిమితులను కూడా చెబుతుంది. చివరి భాగంలో కఠిన పదాలకు అర్థాలు ఇవ్వబడినవి.

మనకు దీనితో సంబంధం

మారిషస్, నటాల్, ఫిజీ, మలయా తోటలకు వెళ్ళిన మన పూర్వికుల గురించి కాగితాలు చాలా మాట్లాడతాయి. మారిషస్‌లోని మోకాలో ఉన్న మహాత్మా గాంధీ సంస్థ వలస దస్తావేజులను భద్రపరచింది. వాటిలో మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, ఓడ, కొందరి ఛాయాచిత్రాలు సైతం ఉన్నవి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవుకు చేరినప్పుడు అందులో వచ్చినవారి జాబితా నేటికీ చదువుకోవచ్చు. అయితే ఆ మనుషులు నివసించిన కొట్టాలు, లైన్లు, బారకాసులు చాలావరకు అదృశ్యమైనవి. చెరకు మళ్ళు వాటి మీదుగా సాగినవి. మారిషస్‌లో కాన్ డియాబ్ల్, కాన్ ఫుక్రో వంటి ఊరిపేర్లలో మాత్రమే ‘క్యాంపు’ అనే మాట మిగిలింది.

సనయ్యలో పరిస్థితి ఇందుకు విరుద్ధం. కార్మికుల నివాసాన్ని అక్కడ కూడా ‘క్యాంపు’ అనే అంటారు. ఆ క్యాంపుల కప్పులు కొన్ని దినాలకొకసారి ఉపగ్రహాల కంట పడుతూనే ఉన్నవి. కాని ఏ కప్పు కింద ఎవరు ఉన్నారన్నది కంపెనీ కాగితాలలో, ఫోన్లలోని ఫొటోలలో, ఇంటికి పంపిన డబ్బు రశీదులలో చెల్లాచెదురుగా ఉన్నది. తోటలలో మనకు పేరు దొరుకుతుంది, ఇల్లు దొరకదు. సనయ్యలో ఇల్లు దొరుకుతుంది, పేరు దొరకదు. ఒక తరం గడిచిన తరువాత వారి మనుమలు కూడా మనవలెనే వెదకుతారు. వారికి ఏది మిగలాలి అన్న ప్రశ్నకు జవాబు ఇప్పుడే సిద్ధం కావలసి ఉన్నది.

రిమోట్ సెన్సింగ్ అంటే ఏమిటి

ఒక వస్తువును తాకకుండా, దూరం నుండి, అది పంపే లేదా తిప్పికొట్టే కాంతిని కొలిచి, దాని స్వభావాన్ని గ్రహించడమే రిమోట్ సెన్సింగ్. తెలుగులో దీనిని దూరసంవేదనం అంటారు. సూర్యకాంతి నేల మీద పడినప్పుడు ప్రతి పదార్థమూ దానిని తనదైన రీతిలో తిప్పికొడుతుంది. పచ్చని ఆకు ఎర్రని కాంతిని పీల్చుకొని, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని అధికంగా వెనుకకు పంపుతుంది. నీరు పరారుణ కాంతిని దాదాపు పూర్తిగా మింగివేస్తుంది. సున్నపురాయి నేల దాదాపు అన్ని రంగులనూ తిప్పికొట్టి తెల్లగా మెరుస్తుంది.

ఉపగ్రహం ఈ కాంతిని చిన్న చిన్న చదరాలుగా కొలుస్తుంది. ఒక్కొక్క చదరాన్ని పిక్సెల్ లేదా చిత్రకణం అంటారు. చిత్రకణం నేల మీద 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉంటే, అది 900 చదరపు మీటర్ల నేలకు ఒకే సంఖ్యను ఇస్తుంది. అందులో ఒక షెడ్డు, రెండు లారీలు, ఒక చెట్టు ఉన్నా అన్నీ కలిసి ఒకే రంగుగా కనిపిస్తాయి. ఈ సంగతి మరువరాదు. చిత్రం అందంగా ఉండవచ్చును, కాని అది సగటుల సమాహారమే.

భారతదేశంలో ఈ శాస్త్రానికి పునాది వేసిన తొలి ప్రయత్నం కూడా తోటలకు సంబంధించినదే. 1970 ప్రాంతంలో పి. ఆర్. పిషరోటి నేతృత్వంలో కేరళ కొబ్బరి తోటలను పరారుణ ఛాయాచిత్రాలతో ఆకాశం నుండి పరీక్షించి, తెగులు సోకిన చెట్లను గుర్తించారు. 1974లో హైదరాబాదులో జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఏర్పడింది. అదే నేటి నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్. దాని భూకేంద్రం షాద్‌నగర్‌లో ఉన్నది. 1988 మార్చి 17న భారత దూరసంవేదన ఉపగ్రహం ఐఆర్‌ఎస్-1ఎ అంతరిక్షంలోకి వెళ్ళింది. 2009లో భువన్ అనే పటాల వేదిక ప్రజలకు అందుబాటులోకి వచ్చింది.

చిత్రాల భాండాగారం

నేల మార్పును చదవాలంటే వేర్వేరు కాలాల చిత్రాలు కావాలి. ముఖ్యమైనవి ఇవి:

కరోనా చిత్రాలు: 1960 నుండి 1972 వరకు అమెరికా గూఢచారి ఉపగ్రహాలు ఫిల్ము మీద తీసినవి. 1995లో వాటిని రహస్య జాబితా నుండి తొలగించారు. పశ్చిమాసియాలో పురాతన స్థలాలను వెదకే పరిశోధకులు వీటిని విస్తృతంగా వాడుతున్నారు.

ల్యాండ్‌శాట్: మొదటి ఉపగ్రహం 1972 జూలై 23న బయలుదేరింది. దాని చిత్రకణం సుమారు 80 మీటర్లు. 1984లో వెళ్ళిన ల్యాండ్‌శాట్-5 ముప్పై మీటర్ల చిత్రాలను దాదాపు మూడు దశాబ్దాలు అందించింది. 2013లో ల్యాండ్‌శాట్-8, 2021లో ల్యాండ్‌శాట్-9 ఆ పనిని కొనసాగించినవి. 2008 నుండి ఈ చిత్రాలన్నీ ఉచితం.

సెంటినెల్: ఐరోపా దేశాల ఉపగ్రహాలు. 2014లో వెళ్ళిన సెంటినెల్-1 రాడార్ తరంగాలతో చూస్తుంది. 2015లో, 2017లో వెళ్ళిన సెంటినెల్-2 జంట పది మీటర్ల చిత్రాలను సుమారు ఐదు దినాలకొకసారి ఇచ్చింది.

రాత్రి దీపాల చిత్రాలు: 1992 నుండి డిజిటల్ రూపంలో దొరుకుతున్నవి. 2011లో వెళ్ళిన సుఓమి ఎన్‌పీపీ ఉపగ్రహం వీటిని మరింత స్పష్టం చేసింది.

సనయ్య నేల ఏమి చెబుతుంది

ఖతార్ నేల చాలా భాగం చదునైన సున్నపురాతి ఎడారి. అక్కడక్కడ వానమట్టి చేరిన పల్లపు భూములు ఉంటాయి. వాటిని ‘రౌదా’ అంటారు. తుమ్మ, రేగు జాతి చెట్లు మొలిచేది వాటిలోనే. తీరం వెంట ఉప్పు నేలలు ఉంటాయి, వాటి పేరు ‘సబ్ఖా’. ఆగ్నేయంలో ఇసుక తిన్నెలు కనిపిస్తాయి.

దోహా పాత నగరం సముద్రపు ఒడ్డున ఒక అర్ధచంద్రం చుట్టూ పెరిగింది. ఏ, బీ, సీ, డీ అనే వలయ రహదారులు ఒకదాని వెనుక ఒకటి వంపు తిరిగి ఉంటాయి. సనయ్య స్వరూపం వేరు. పైనుండి చూస్తే అది గళ్ళబట్ట పరచినట్లు ఉంటుంది. తిన్నని వీధులు, వాటిని అడ్డంగా కోసే దారులు, సమాన చదరాలు. గీతలు గీసి పంచిన నేలకే ఆ రూపం వస్తుంది. తోటల పటాలు చూసినవారికి ఇది కొత్త కాదు. చెరకు మడులు, వాటి చివర వరుసగా కూలి లైన్లు కూడా ఇట్లే స్కేలు పెట్టి గీసినవే.

వేర్వేరు సంవత్సరాల చిత్రాలను వరుసగా పేర్చి చూసినప్పుడు మార్పు సాధారణంగా ఒక క్రమంలో కనిపిస్తుంది. ముందు నేలను చదును చేస్తారు. అప్పుడు ఆ చోటు చుట్టూ ఉన్న ఎడారి కంటె మరింత తెల్లగా మారుతుంది. తరువాత దారుల నల్లని గీతలు పడతాయి. ఆపై లోహపు కప్పుల మెరుపు, వాటి పక్కన నీడల గీతలు వస్తాయి. చివరికి రాత్రి చిత్రంలో దీపాలు వెలుగుతాయి. ఏ చదరం ఏ ఏడు ఏ దశలో ఉన్నదో రాసుకుంటే ప్రాంతపు పెరుగుదలకు ఒక పంచాంగం సిద్ధమవుతుంది.

ఈ పంచాంగాన్ని చరిత్రలోని తేదీలతో పోల్చవచ్చును. 2010 డిసెంబరు 2న 2022 ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల నిర్వహణ ఖతార్‌కు దక్కింది. అదే ఏడు వచ్చిన 15వ సంఖ్య చట్టం కుటుంబాలు నివసించే పేటలలో కార్మికుల క్యాంపులను నిషేధించింది. 2015లో లేబర్ సిటీ అనే వసతి నగరం ప్రారంభమైంది. సుమారు 70,000 మంది ఉండేటట్లు దానిని నిర్మించారు. ఈ తేదీలకు ముందు, తరువాత చిత్రాలను పక్కపక్కన పెట్టి నివాస భూమి ఏ దిక్కుకు జరిగిందో కొలవవచ్చును. చట్టం మాటలలో చెప్పినది చిత్రం నేల మీద చూపుతుంది.

నీటి ఆనవాళ్ళు కూడా ముఖ్యమే. దోహాకు నైరుతిన అబూ నఖ్లా అనే చోట శుద్ధి చేసిన మురుగునీరు చేరి ఎడారిలో ఒక చెరువు ఏర్పడింది. వలస పక్షులు అక్కడ దిగేవి. నగరం పెరిగితే నీటి వాడకం పెరుగుతుంది, వాడిన నీరు ఎక్కడికో పోవాలి. అందుచేత ఎడారిలో చెరువు విస్తీర్ణం నగర జీవనానికి ఒక కొలబద్ద అవుతుంది.

ఎడారిలో వచ్చే చిక్కు

గోదావరి డెల్టాలో ఊరికీ పొలానికీ తేడా తేలికగా తెలుస్తుంది. పచ్చదనం తగ్గిన చోట ఇల్లు లేచిందని గ్రహించవచ్చును. ఎడారిలో ఈ ఉపాయం పనిచేయదు. సున్నపురాతి నేల, కాంక్రీటు మిద్దె, రేకు కప్పు మూడూ కాంతిని దాదాపు ఒకే విధంగా తిప్పికొడతాయి. కట్టడాలను గుర్తించే సాధారణ సూచికలు వట్టి నేలను కూడా కట్టడంగా లెక్కిస్తాయి. అట్టి లెక్కను నమ్మితే ఖతార్‌లో సగం ఎడారి నగరమైపోతుంది.

ఈ చిక్కును మూడు విధాల అధిగమిస్తారు. మొదటిది, రాడార్. రాడార్ తరంగం నేలను తాకి, గోడను తాకి, తిరిగి వచ్చినప్పుడు బలంగా మెరుస్తుంది. చదునైన నేల ఆ తరంగాన్ని అవతలికి జార్చివేసి చీకటిగా కనిపిస్తుంది. రెండవది, పొందిక. ఎడారి నునుపుగా ఉంటుంది, కట్టిన చోటు వెలుగునీడలతో గరుకుగా కనిపిస్తుంది. మూడవది, రాత్రి దీపాలు. మనిషి లేని చోట దీపం అరుదు.

వీటికి తోడు కాలనియమం కూడా పాటించాలి. ఒక ఏడు జనవరి చిత్రాన్ని మరొక ఏడు జూలై చిత్రంతో పోల్చరాదు. సూర్యుని ఎత్తు మారితే నీడల పొడవు మారుతుంది. వేసవిలో వీచే వాయవ్య గాలి ధూళిని లేపి చిత్రాన్ని మసకబారుస్తుంది. ఆ గాలిని అక్కడ ‘షమాల్’ అంటారు. కనుక ఒకే మాసంలో, తేరిన ఆకాశం ఉన్న దినాన తీసిన చిత్రాలనే ఎంచుకోవాలి.

డిజిటల్ పటం

ఉపగ్రహ చిత్రం చూపేది నేల రూపం. ఆ రూపానికి పేర్లు, హద్దులు, కాలాలు జోడించేది డిజిటల్ పటం. ఈ ఏర్పాటును భౌగోళిక సమాచార వ్యవస్థ అంటారు. పలుచని కాగితాలను ఒకదానిపై ఒకటి పరచినట్లు ఇందులో పొరలు ఉంటాయి: దారుల పొర, కట్టడాల పొర, నీటి పొర, ప్రతి సంవత్సరానికి ఒక పొర.

ఖతార్ ఈ విషయంలో ముందున్న దేశం. 1990లోనే దేశమంతటికీ ఒకే భౌగోళిక సమాచార వ్యవస్థను రూపొందించే పని చేపట్టింది. దేశపు కొలతలకు తనదైన ఆధార వ్యవస్థ ఉన్నది, దాని పేరు ఖతార్ నేషనల్ డేటమ్ 1995. ప్రతి కట్టడానికి ఒక నీలిరంగు పలక ఉంటుంది. దాని మీద జోన్ సంఖ్య, వీధి సంఖ్య, కట్టడం సంఖ్య ఉంటాయి. అందుచేత సనయ్యలో పనిచేసిన ఒక మనిషి తన పాత ఉత్తరంలోనో రశీదులోనో ఈ మూడు సంఖ్యలు దాచుకొని ఉంటే, అతడు నివసించిన చోటును ఇంతలో అంతని కాక, కచ్చితంగా గుర్తించవచ్చును. ఏ తోట లైనుకూ లేని సౌకర్యం ఇది.

2004లో మొదలైన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అనే ఉమ్మడి పటంలో ఎవరైనా దారులను, కట్టడాలను గుర్తించవచ్చును. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పొరలను పేర్చి విస్తీర్ణాలు లెక్కించవచ్చును. లెక్క సులభమే. పది మీటర్ల చిత్రకణాలు 10,000 కలిస్తే ఒక చదరపు కిలోమీటరు.

కప్పు కింద ఉన్నది

ఇక పరిమితి సంగతి. ఖతార్‌లో 2014 నాటి 18వ సంఖ్య మంత్రిత్వ నిర్ణయం ప్రకారం కార్మికుల వసతిలో ఒక్కొక్కరికి కనీసం ఆరు చదరపు మీటర్ల చోటు ఉండాలి. ఒక గదిలో నలుగురికి మించరాదు. ఇప్పుడు ఒక వసతి గృహపు కప్పు 600 చదరపు మీటర్లు అనుకుందాం. నీడ పొడవును బట్టి అది మూడు అంతస్తులని తేలింది అనుకుందాం. మొత్తం 1,800 చదరపు మీటర్లు. వంటశాలలు, స్నానాల గదులు, నడవలు, గోడలు సగం పోగా 900 మిగులుతుంది. ఆరుతో భాగిస్తే 150 మంది.

ఈ 150 అన్నది నియమం చెప్పిన సంఖ్య మాత్రమే. నలుగురి గదిలో ఎనిమిది మంది ఉంటే 300 అవుతుంది. ఉపగ్రహానికి రెండు సందర్భాలలోనూ అదే కప్పు కనిపిస్తుంది. మంచాల సంఖ్యను ఏ చిత్రమూ చెప్పదు. అది ఆ గదిలో పడుకున్న మనిషి మాత్రమే చెప్పగలడు. అందుచేత చిత్రంతో పాటు మాట కూడా సేకరించాలి.

ఈ భేదం ఎంత ముఖ్యమో 2020లో లోకానికి తెలిసింది. ఆ ఏడు మార్చి 17న కోవిడ్ వ్యాధి కారణంగా సనయ్యలో 1వ వీధి నుండి 32వ వీధి వరకు రాకపోకలను మూసివేశారు. మే నెలలో దశలవారీగా తెరవసాగారు. పటం మీద అది ఒక చతురస్రపు గీత. గీతకు లోపల ఉన్నవారికి అది గదికీ గదికీ మధ్య దూరం, వంటశాలలో వంతు, ఊరికి చేసిన ఫోను.

వేడి లెక్క

ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు నేల వేడిమిని కూడా కొలుస్తాయి. అవి ఖతార్ మీదుగా పగలు సుమారు పది గంటలకు సాగిపోతాయి. ఈ గడియకు ఒక విశేషం ఉన్నది. 2021 నుండి అమలులో ఉన్న నియమం ప్రకారం జూన్ 1 నుండి సెప్టెంబరు 15 వరకు ఉదయం పది గంటల నుండి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట పని నిషిద్ధం. అనగా పని ఆగవలసిన వేళకే ఉపగ్రహం వేడిని కొలుస్తున్నది.

అయితే చిత్రంలో కనిపించేది నేల పైపొర వేడిమి, మనిషి పీల్చే గాలి వేడిమి కాదు. పైగా ఎడారి నగరాలలో ఒక విచిత్రం జరుగుతుంది. పగటివేళ వట్టి నేల తొందరగా కాగుతుంది, నగరం దానికంటె చల్లగా కనిపించవచ్చును. రాత్రి కాంక్రీటు తన వేడిని నెమ్మదిగా వదులుతుంది. పగటి చిత్రం ఒక్కటే చూసి క్యాంపు చల్లగా ఉన్నదని తీర్మానిస్తే అది అన్యాయం అవుతుంది. రాత్రి చిత్రం, గాలిలోని తేమ లెక్క, అక్కడివారి మాట మూడూ కలిస్తేనే నిజం తెలుస్తుంది.

ఆ చివర ఊరు

వలసకు రెండు చివరలు ఉంటాయి. సనయ్యను చూసే ఉపగ్రహమే సిరిసిల్ల ప్రాంతాన్ని కూడా చూస్తుంది. అక్కడ మానేరు నది మీద మాన్వాడ వద్ద మధ్య మానేరు జలాశయం నిర్మించారు. అనుపురం, చింతలఠాణా, కొదురుపాక వంటి ఊళ్ళు ముంపునకు గురై, ప్రజలు పునరావాస కాలనీలకు చేరారు. 2015 నాటి చిత్రంలో చెట్లు, ఇళ్ళు, పొలం గట్లు కనిపించే చోట 2020 నాటి చిత్రంలో నీలిరంగు మాత్రమే ఉన్నది.

గల్ఫ్ దేశాలకు అధికంగా మనుషులను పంపిన నేలలలో ఇది ఒకటి. ఎడారిలో ఒకచోట చదరాలు లేస్తున్న కాలంలోనే ఇక్కడ పాత ఇళ్ళ పునాదులు నీటిలోకి పోయినవి. ఆ ఊళ్ళ నుండి వెళ్ళినవారి పిల్లలకు తండ్రి పుట్టిన వాకిలి పాత చిత్రంలో మాత్రమే కనిపిస్తుంది. రెండు చోట్ల చిత్రాలను ఒకే పటంలో భద్రపరచినప్పుడే వలస చరిత్ర పూర్తి అవుతుంది.

మన తోటలకు ఈ విధానం

మన పూర్వికుల తోటలకు కూడా ఇదే క్రమం వర్తిస్తుంది.

1. పాత ఎస్టేటు పటం ఒకటి సంపాదించి, దానిని స్పష్టంగా స్కాన్ చేయాలి.
2. పటంలోనూ నేటి చిత్రంలోనూ మారని గుర్తులను ఎంచుకోవాలి. మిల్లు పొగగొట్టం, వంతెన, గుడి, దారుల కూడలి ఇందుకు పనికివస్తాయి. మారిషస్‌లో చెరకు పొలాల నడుమ నేటికీ పాత మిల్లుల పొగగొట్టాలు నిలిచి ఉన్నవి.
3. ఆ గుర్తుల సాయంతో పాత పటాన్ని నేటి అక్షాంశ రేఖాంశాలకు సరిచేయాలి.
4. లైన్లు ఉన్న చోటును గీసి, ఆపై 1984 నుండి నేటి వరకు చిత్రాలను వరుసగా పరిశీలించాలి.
5. ఆ చోటికి స్వయంగా వెళ్ళి సరిచూడాలి. పెద్దవారిని అడిగి, వారు చెప్పిన పేర్లను తెలుగు లిపిలో రాసుకోవాలి.
6. ప్రతి గుర్తుకు తేదీ, ఆధారం జతచేయాలి.

ఒక జాగ్రత్త. నేడు జీవించి ఉన్న కార్మికుని పేరును అతని గది సంఖ్యతో కలిపి బహిరంగ పటంలో పెట్టరాదు. వందేళ్ళ కిందటి పేరు మనకు వారసత్వం. నేటి పేరు ఆ మనిషి సొంతం. అతని అనుమతితో సేకరించినది భద్రంగా దాచి, తగిన కాలం గడిచిన తరువాత అతని కుటుంబానికి అందజేయడమే న్యాయం.

పదాల అర్థాలు

దూరసంవేదనం: తాకకుండా దూరం నుండి గ్రహించడం.
చిత్రకణం: ఉపగ్రహ చిత్రంలోని అతి చిన్న చదరం.
పరారుణ కాంతి: ఎరుపు రంగుకు ఆవల ఉండి కంటికి కనిపించని కాంతి.
భాండాగారం: విలువైన వస్తువులను దాచే చోటు.
దస్తావేజు: అధికారిక కాగితం.
బారకాసు: పనివారు గుంపుగా నివసించే పొడవాటి ఇల్లు.
విస్తీర్ణం: నేల యొక్క పరిమాణం.
ముంపు: నీటిలో మునిగిపోవడం.
పునరావాసం: ఇల్లు కోల్పోయినవారికి మరొక చోట నివాసం కల్పించడం.
అక్షాంశం, రేఖాంశం: భూమి మీద ఒక చోటును తెలిపే అడ్డు, నిలువు కొలతలు.